తీపి తొడుగు – 14: బానెట్ మీద డబ్బా

"తప్పు నీ డిజైన్‌లో అయినా ఉండాలి, ఆర్మూర్‌లో అయినా ఉండాలి. మూడోది లేదు. ఏదో ఒకటి రాసి, సంతకం పెట్టి ఫ్యాక్స్ చెయ్యి. రేపు సాయంత్రం అయిదుకు కమిటీ."

సుకుమార్ ఫోన్ పెట్టేసి పదహారు గంటలైంది. ఆ మాట కరుణశ్రీ చెవిలో ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆరేళ్ల పని. టైఫాయిడ్ క్రిమి ఒంటిమీద చక్కెర తొడుగు ఉంటుంది. పెద్దవాళ్ల శరీరం ఆ తొడుగును చూసి శత్రువని పసిగడుతుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరానికి అది అంతుపట్టదు. అందుకే ఆ చక్కెరను తీసి, పసి శరీరం కూడా పోల్చుకోగలిగే ఒక ప్రోటీన్‌కు ముడివేసింది కరుణశ్రీ. ఆ ముడే ఆమె టీకా. ముడి ఎలా వెయ్యాలో కాగితం మీద గీసింది ఆమె. ఆ కాగితం చూసి ఫ్యాక్టరీలో వేల సీసాలు చేయించింది కంపెనీ పెద్ద సారు సుకుమార్. వాటిని నిజామాబాద్ కోల్డ్‌రూమ్ నుంచి ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్ టీకా కేంద్రానికి ప్రతి మంగళవారం మోసుకొచ్చేది ఆయా ఆశమ్మ.

ఆశమ్మ కరుణశ్రీ తల్లి.

పెర్కిట్, జక్రాన్‌పల్లి, భీమ్‌గల్‌లలో నూట పన్నెండు మంది పసిపిల్లలకు టీకా వేశారు. నెల తర్వాత రక్తం తీసి చూస్తే రక్షణ జాడ లేదు. వాపసు వచ్చిన సీసాలను కరుణశ్రీ స్వయంగా పరీక్షించింది. చక్కెర వేరుగా, ప్రోటీన్ వేరుగా ఉన్నాయి. ముడి ఊడిపోయింది.

"నమూనాకని ఫ్యాక్టరీలో దాచిపెట్టిన సీసాలు నేను చూశాను, ముడి గట్టిగానే ఉంది" అన్నాడు సుకుమార్. పిల్లల వారీగా రక్తపరీక్షల జాబితా పంపమంటే "నీకెందుకు?" అన్నాడు. చూస్తానంటే రావద్దన్నాడు. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇంకో రెండు వారాల్లో వానలు. కొత్తనీళ్లతో టైఫాయిడ్ వస్తుంది. నూట పన్నెండు మంది తల్లులు, తమ పిల్లలకు ఇక భయం లేదనుకుంటున్నారు. కారణం తేలితే మంచి సీసాలతో మళ్లీ వేయొచ్చు. తేలకపోతే కమిటీ ఈ టీకాను అయిదు గంటలకు మూసేస్తుంది.

అందుకే ఆ మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు కరుణశ్రీ పెర్కిట్ చౌరస్తాలో, చెరకు రసం బండి తడిక వెనక నిలబడి ఉంది. చేతిలో కేంద్రం రికార్డు పుస్తకం. టీకా సీసాల ఐస్ డబ్బా వచ్చిన ప్రతి మంగళవారం, దాని ఎదురుగా రాసిన ఉష్ణోగ్రత: నాలుగు డిగ్రీలు. ఫిబ్రవరిలో నాలుగు. ఏప్రిల్‌లో నాలుగు. రోహిణి కార్తె ఎండల్లో తారు కరుగుతున్న పోయిన వారం కూడా నాలుగే.

ఒక్కసారి అయిదు కాకపోవడమేమిటి?

నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది. పసుపు సీజను అయిపోవస్తున్నా దాని అద్దాల మీద పసుపు దుమ్ము ఇంకా పేరుకునే ఉంది. ముందు తలుపు నుంచి ఆశమ్మ దిగింది. చేతులు ఖాళీ. డబ్బా ఏది?

"ఆశక్కా, పట్టు! పైలం!" లోపలినుంచి డ్రైవర్ బుచ్చన్న వంగి, తన పక్కనున్న ఇంజను బానెట్ మీంచి నీలం డబ్బాను రెండు చేతులతో లేపాడు. దేవుడి పటాన్ని అందించినట్టు అందించాడు. బానెట్ మీద మడిచిన గొంగడి, దాని మీద డబ్బా ఆనిన చోట నలుచదరంగా నొక్కు.

కరుణశ్రీ అక్కడే కొయ్యబారిపోయింది. చూడాల్సింది ఇంకా ఉంది.

ఆశమ్మ తిన్నగా చెరకు రసం బండి దగ్గరకే వచ్చింది. "కాకా, ఎప్పటి లెక్క జర ఐస్ కొట్టియ్యి" అంది. డబ్బా మూత తీసి, లోపల ఐస్ కరిగి మిగిలిన నీళ్లు రోడ్డు మీద పారబోసి, కొత్త ఐస్ ముక్కలు నింపింది. అయిదు నిమిషాలు నిలబడింది. థర్మామీటర్ తీసి కళ్లు చిట్లించి చూసింది. తృప్తిగా తల ఊపింది.

నాలుగు డిగ్రీలు.

"అమ్మా!"

ఆశమ్మ ఉలిక్కిపడి తిరిగింది. "ఓ తల్లీ, భయపెట్టినవు గదనే! గా తడికె ఎన్క ఏం జేస్తున్నవు?"

కరుణశ్రీ డబ్బా లాక్కుంది. దాని అడుగున చెయ్యి పెట్టి చూసింది. చుర్రుమంది.

* * *

టీకా కేంద్రం అంటే హైవే పక్కన అద్దెకు తీసుకున్న రెండు గదులు. ఒక ఫ్రిజ్, ఒక బల్ల, గోడకు పిల్లల బొమ్మల క్యాలెండర్. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది.

"ఎన్ని దినాల సంది బానెట్ మీద పెడుతున్నవ్?"

"జీపు బందయినప్పటి సంది." ఆశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదలు రెండు వారాలు, ఇంక సూదులు సురువు గాకముందు, జీపు పంపిన్రు. ఇగ పంపలే. మీ సుకుమార్ సారును అడిగితే బస్సుల పోరాదా అన్నడు. పోయిన. తప్పా?"

"బస్సుల పోవుడు తప్పు కాదు. బానెట్ మీద ఎందుకు పెట్టినవ్?"

"మరెక్కడ పెట్టాలె? కింద పెడుదునా? నలుగురి కాళ్లకాడ? పిల్లల మందు అది! బుచ్చన్నే పిలిచి చెప్పిండు, ఆశక్కా, గిది బంగారమసొంటిది, నా పక్కపొంటి పెట్టు, ఎవ్వరు తాకకుండ నేను చూస్త అని. కలెక్టరాఫీసు కట్టలు వచ్చినా, పెండ్లి చీరెలు వచ్చినా గా బానెట్ మీదనే పెడ్తడు. గంత ఇజ్జత్ ఇచ్చి పెట్టిండు."

"ఇజ్జత్!" కరుణశ్రీ బల్ల మీద గుద్దింది. రికార్డు పుస్తకం ఎగిరిపడింది. "అమ్మా, దాని కింద ఇంజను ఉంటది! గంటసేపు పొయ్యి మీద పెట్టినట్టే!"

"గొంగడి పరిచిన కదనే."

"గొంగడి! ఒళ్లె పెట్టుకోవచ్చు కదా?"

ఆశమ్మ మెల్లగా అంది: "ఒంటి వేడి తగుల్తదని పెట్టుకోలే."

కరుణశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీలో కూలబడింది. తన ఒంటి వేడికి మందు పాడవుతుందని భయపడి, తీసుకెళ్లి ఇంజను మీద పెట్టింది ఈ మనిషి. పెట్టి, దారి పొడుగునా దాన్నే చూస్తూ కూర్చుంది.

"మరి ఐస్? నింపినంక థర్మామీటర్ చూసుడేంది? అది దొంగలెక్క కాదా?"

"దొంగ లెక్క ఏంది? నర్సమ్మ నాలుగు ఉండాలె అన్నది. దిగంగనే చూస్తే ఒకపాలి పద్దెనిమిది చూపిచ్చింది. నా పానం పోయింది. ఐస్ ఏస్తే నాలుగుకొచ్చింది. సల్లవడ్డది కదా, ఇగ ఫికర్ లేదనుకున్న. అన్నం వేడి చేస్తే వేడైతది, ఆరవెడితే సల్లగైతది. మందు గంతే కాదా?"

"కాదు!" కరుణశ్రీ అరిచింది. "ఒకసారి ఊడిన ముడి సల్లవెడితే మల్ల పడదు."

"ఏం ముడి? ఎప్పుడు చూడు ముడి ముడి అంటవు. నాకు సమజయ్యేటట్టు ఒక్కనాడన్న చెప్పినవా? ఆరేండ్ల సంది అడుగుతున్న, ఏం చదువుతున్నవే అంటే చక్కెర అంటవ్. నేను ఊర్లందరికి నా బిడ్డ చక్కెర ఫ్యాక్టరీల పెద్ద సారు అని చెప్పుకున్న."

మరో రోజైతే కరుణశ్రీ పడీపడీ నవ్వేది. ఇప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"విను. మన చర్చికి ఎవరో కొత్త మనిషి వచ్చిండనుకో. ఎవరన్న పట్టించుకుంటరా?"

"ఎన్క బెంచీ మీద కూసోవెడ్తరు."

"గదే పాస్టర్ సారు చెయ్యి పట్టుకుని తోలుకొస్తే?"

"అందరం లేస్తం. ఎవరాయన, ఏ ఊరు అని అడుగుతం. మల్లొస్తే గుర్తువడ్తం."

"చక్కెర గా కొత్త మనిషి. ప్రోటీన్ పాస్టర్ సారు. వాళ్లు పట్టుకున్న చెయ్యే నేను వేసిన ముడి. చెయ్యి విడిచిపెడితే పిల్లగాని ఒళ్లు పాస్టర్ సారునే చూస్తది. పక్కన నిలవడ్డోణ్ణి చూడనే చూడది. రేపు వాడే దొంగై ఇంట్ల జొచ్చినా గుర్తువట్టది."

ఆశమ్మ మొహంలో రంగు మారింది. అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"అంటే... నా చేతులతోని తెచ్చిన మందు..."

"నీళ్లే."

బయట లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోయింది. కిటికీ అద్దం గలగలలాడింది.

"వాళ్లందరు నా మొఖం జూసి పిల్లల్ని ఇచ్చిన్రు కరుణా." ఆశమ్మ గొంతు సగానికి పడిపోయింది. "కంపెనీ మొఖం ఎవలు చూసిన్రు? భీమ్‌గల్ నీలవ్వ మనుమరాలి సూదికి ఒప్పుకోకుంటె, నా మాట మీద ఇయ్యవా అన్న. మూడుపాల్లు ఇంటికి పోయిన. ఇచ్చింది. ఇప్పుడు పోయి ఏం చెప్పాలె? ఇంజను మీద ఉడకవెట్టి తెచ్చిన అని చెప్పాల్నా?"

కరుణశ్రీ తెల్లకాగితం తీసింది. పెన్ను మూత విప్పింది.

సరిగ్గా అప్పుడు ఒక అనుమానం ఆమె మనసులో కదిలింది. గంట ప్రయాణం. చుట్టూ ఐస్ నీళ్లు. పద్దెనిమిది డిగ్రీలే చూపించింది. ఆ మాత్రానికి ముడి మొత్తం ఊడుతుందా? తను గీసిన ముడి అంత బలహీనమా? వేయగా మిగిలిన సీసాలు నిజామాబాద్‌కు పోయి, మళ్లీ వస్తూ, వారం వారం బానెట్ మీద వెనక్కీ ముందుకీ తిరిగాయి కాబట్టి అయి ఉంటుంది. అయ్యే ఉంటుంది. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఆమెకు ఒక కారణం కావాలి, అది ఎదురుగా ఉంది.

అనుమానాన్ని పక్కకు తోసేసి రాయడం మొదలుపెట్టింది.

"నా పేరే రాయి" అంది ఆశమ్మ. "కానీ జీపు బంద్ చేసిన ముచ్చట గూడ రాయి."

"రాస్తున్న."

"ఒక్క దినం మాత్రం పెట్టలే. గది గూడ రాయి."

"ఏది?"

"బానెట్ మీద. మట్టల ఆదివారం అయినంక మంగళవారం. గుడ్ ఫ్రైడేకని మన చర్చి హార్మోనియం రిపేరు చేపిచ్చి గదే బస్సుల తెచ్చిన్రు. బుచ్చన్న దాన్ని బానెట్ మీద పెట్టిండు, నా డబ్బాకు జాగ లేదు. తడి తువ్వాల చుట్టి ఒళ్లె పెట్టుకుని కూసున్న. దిగి చూస్తే అయిదే ఉన్నది, ఎప్పటి లెక్క ఐస్ ఏసి నాలుగుకు తెచ్చిన. గా దినం సీసాలన్ని కొత్తయే, సీలు గూడ తీయనియి. అదే దినం జక్రాన్‌పల్లి తీస్కపోయి పద్దెనిమిది మందికి ఏసిన్రు. గా పద్దెనిమిది మంది మంచిగున్నట్టే గదా?" ఆశమ్మ కళ్లలో చిన్న ఆశ మెరిసింది. "ఒక పాపకు జొరముండె, ఎయ్యలే. గా సీసా గిట్లనే ఉన్నది ఫ్రిజ్జుల, పాప పేరు రాసి ఎన్కకు పెట్టిన. తీస్కపోయి చూస్తే నీకు తెల్వదా?"

"అమ్మా, నూట పన్నెండు మంది ముచ్చట నడుస్తుంటే ఒక్క సీసా సంగతి చెప్తవేంది? జర ఊకో."

ఆశమ్మ ఫ్రిజ్ వైపు ఒకసారి చూసింది.

కాగితం తల్లి ముందుకు జరిపింది కరుణశ్రీ. వయోజన విద్యలో నేర్చుకున్న నాలుగు అక్షరాలను ఆశమ్మ ఒక్కొక్కటే దిద్దినట్టు రాసి సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇస్తూ కూతురి మొహంలోకి చూడలేదు.

* * *

చౌరస్తాలోని ఎస్టీడీ బూత్‌లో ఫ్యాక్స్ మిషన్ మూడుసార్లు మొరాయించింది. మొదటిసారి లైను ఎంగేజ్. రెండోసారి కాగితం ఇరుక్కుంది. మూడోసారి కరెంటు పోయింది. బూత్ అతను జనరేటర్ వేసేదాకా కరుణశ్రీ గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. నాలుగోసారి కాగితం కరకరలాడుతూ లోపలికి పోయింది. అవతల అందినట్టు చిన్న చీటీ బయటికి వచ్చింది.

అయిపోయింది. కన్నతల్లి పేరును తన చేత్తోనే కమిటీ ముందు పడేసింది. ముప్ఫై ఏళ్లొచ్చి, ఇంత చదువు చదివినదానికి ఇంతకంటే వేరే పని చేతకాలేదు.

తిరగబోతుండగా మిషన్ మళ్లీ కదిలింది.

"మేడమ్, మీకేదో వస్తున్నది."

హైదరాబాద్ ల్యాబ్‌లో తనతో పనిచేసే శ్యామల దస్తూరీ. "కరుణా, నీ ఫ్యాక్స్ మీద ఈ నంబరు చూసి, సార్‌కు తెలియకుండా పంపుతున్నాను. నువ్వు అడిగిన పిల్లల వారీ జాబితా. చూసి చించెయ్యి."

మూడు రోజులుగా అడుగుతున్న జాబితా. ఉత్తరం పోయిన రెండు నిమిషాలకు వచ్చింది! కరుణశ్రీ పళ్లు కొరుక్కుంది. పేరు, ఊరు, సూది వేసిన తేదీ, చివర రక్షణ అంకె. అన్నీ సున్నాలు, అక్కడక్కడా ఒకటీ రెండూ. ఎనిమిది దాటితేనే టీకా పట్టినట్టు.

ఊరికే, అలవాటుగా, వేలు తేదీల మీదుగా కిందికి జారింది. మార్చి 20. మార్చి 27.

ఏప్రిల్ 3.

మట్టల ఆదివారం తర్వాతి మంగళవారం. జక్రాన్‌పల్లి. పద్దెనిమిది పేర్లు.

తడి తువ్వాల చుట్టి, తల్లి ఒడిలో కూర్చోబెట్టుకుని తెచ్చిన సీసాలు. బానెట్ సోకని సీసాలు. అయిదు డిగ్రీల సీసాలు.

సున్నా. సున్నా. ఒకటి. సున్నా. సున్నా.

పద్దెనిమిదికి పద్దెనిమిదీ.

ఆ డబ్బా ఎక్కడా వేడెక్కలేదు. అయినా ముడి లేదు. అంటే ఆర్మూర్‌లో ఊడలేదు. నిజామాబాద్‌లో ఊడలేదు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికే ఆ సీసాల్లో ముడి లేదు! బానెట్ చేసింది తప్పే, కానీ అది పాడుచేయడానికి లోపల ఏమీ మిగల్లేదు.

మూడోది లేదు అన్నాడు సుకుమార్. ఆ మూడోది అతనే.

సెల్ మోగింది.

"నీ ఫ్యాక్స్ అందింది కరుణశ్రీ." సుకుమార్ గొంతులో ఎన్నడూ లేనంత తియ్యదనం. "చాలా నిజాయితీగా రాశావు. సొంత తల్లి పేరు రాయడమంటే మాటలు కాదు."

"సార్, ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్యాక్టరీలో దాచిన సీసాలు నేను చూడాలి."

"అవా? గడువు అయిపోయిందని పోయినవారమే కాల్చేయించాను. అక్కడ మిగిలినవి కూడా ఉంచకూడదు. భీమ్‌రావు జీపులో వస్తున్నాడు, ఈపాటికి వచ్చే ఉంటాడు. అన్నీ అతనికిచ్చెయ్యి."

"జీపు! డబ్బా తేవడానికి లేని జీపు—"

లైను తెగింది.

ఫ్రిజ్జులో వెనక్కి పెట్టిన ఒక్క సీసా. పాప పేరు రాసి ఉన్న సీసా. సీలు తీయనిది, వేడి తగలనిది. దాన్ని బయటి ల్యాబ్‌లో పరీక్షిస్తే చాలు, ముడి అసలు వేయనే లేదని తేలిపోతుంది. తల్లి చెప్తే విన్లేదు తను. ఊకో అంది!

కరుణశ్రీ పరుగెత్తింది. నడినెత్తిన ఎండ. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. కాలే తారు మీద ఒంటికాలి చెప్పుతో పరుగెత్తింది.

కేంద్రం ముందు తెల్లజీపు ఆగి ఉంది. కంపెనీ సూపర్‌వైజర్ భీమ్‌రావు గుమ్మంలో సీసాల పెట్టెకు తాడు కడుతున్నాడు. లోపల ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఖాళీ.

"ఆగండి! అందులో పేరు రాసిన సీసా ఒకటి ఉంది. అది నాకు కావాలి!"

"పేరు రాసిందా? గసొంటిది లేదు మేడమ్. అన్ని నేనే లెక్కవెట్టి తీసిన." భీమ్‌రావు అమాయకంగా చూశాడు. "ఓ, గదా! గది మీ అమ్మగారు పట్టుకపోయింది."

కరుణశ్రీ గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగింది. "అమ్మ దగ్గరుందా! ఎక్కడ అమ్మ?"

"హైదరాబాద్ బస్ ఎక్కింది, పావుగంటైతది. తడి తువ్వాల చుట్టి గా నీలం డబ్బా ఒళ్లె పెట్టుకుని కూసున్నది. డ్రైవర్ బానెట్ మీద పెట్టుమంటె గయ్యిమన్నది." అతను నవ్వాడు. "గీ ఒక్క సీసా మంచిదే, నేనే పోయి పెద్ద సారుకు చూపిస్త, నా బిడ్డ ముడి గట్టిదే అని చెప్త అన్నది. కంపెనీ అడ్రస్ రాసియ్యుమంటె రాసిచ్చిన."

కరుణశ్రీ చెయ్యి సెల్ మీదికి పోయి ఆగింది. ఆశమ్మకు సెల్ లేదు.

"ఏ పెద్ద సారుకు?"

"ఇంకెవరు మేడమ్, సుకుమార్ సారుకే. ముసలామె పట్నంల తప్పిపోతదేమోనని నేనే ఫోన్ చేసి చెప్పిన, ఇట్ల సీసా తెస్తున్నదని." భీమ్‌రావు తాడు బిగించి ముడివేశాడు. "సారు మస్తు ఖుష్ అయిండు. ఎవ్వరికి చెప్పకు, బస్‌స్టాండుకు నేనే ఎదురు పోత అన్నడు."